జబ్బు ఒకటే, వైరస్‌లు వేరు

పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అదే వైరస్ నల్లగుడ్డును కప్పి ఉండే కార్నియాకు చేరితే చూపుకే ఎసరు పెడుతుంది. మందుతో పుండు మానినా వైరస్ చావదు. ముఖానికి స్పర్శనిచ్చే నాడి కణాల్లో నక్కి, అదును చూసి తిరిగొస్తుంది. ఇలా తిరగబెట్టినకొద్దీ కార్నియాపై మచ్చ ముదిరే ప్రమాదముంది.

తిరిగొచ్చేది పాత వైరసేనన్నది వైద్యుల నమ్మకం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు 2002లో దాన్ని కదిలించారు. కంటి హెర్పిస్ తిరగబెట్టిన 30 మంది నుంచి వేర్వేరు సమయాల్లో తీసిన వైరస్‌ల జన్యువులను వారు పోల్చి చూశారు. 11 మందిలో రెండు నమూనాలకూ పొంతన లేదు. అంటే వారికి మరో రకం వైరస్ కొత్తగా సోకిందన్నమాట.

జన్యువుల్లో తేడా వస్తే మందుకూ చిక్కే. ఎసైక్లోవిర్ నేరుగా వైరస్ మీద పనిచేయదు. వైరస్ తయారుచేసే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని చురుకైన మందుగా మారుస్తుంది. దాదాపు 1.52 లక్షల అక్షరాలున్న వైరస్ జన్యురాశిలో ఆ ఎంజైమ్‌కు సంబంధించిన ఒక్క అక్షరం తారుమారైనా కొన్నిసార్లు మందు పారదు.

అలాగని మందు మానేయడం తెలివైన పని కాదు. ఏడాదిపాటు ఎసైక్లోవిర్ మాత్రలు వాడితే కంటి హెర్పిస్ తిరగబెట్టే ముప్పు 32 శాతం నుంచి 19 శాతానికి తగ్గిందని 1998లో అమెరికా అధ్యయనం తేల్చింది. అయితే మాత్రలు వాడుతున్నా పుండు మానకపోతే నమూనా తీసి పరీక్షించాలి. ఈలోగా కన్ను ఎర్రబడిందని మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటే వైరస్‌కు చేజేతులా బలమిచ్చినట్లే.