పిలవడానికి మొహమాటమెందుకు?

తెల్లవారుజామున మూడింటికి వార్డు నుంచి ఫోన్ వచ్చిందంటే మాకు గుండె గుభేలుమంటుంది. ఆ రోజూ అంతే. గుండె బలహీనపడి, కాళ్ల వాపుతో చేరిన ఓ పెద్దాయన బాత్రూం గుమ్మం దగ్గర పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. కొడుకు మంచం పక్కనే చాప మీద నిద్రపోతున్నాడు. ‘పగలంతా మందులకీ, పరీక్షలకీ తిరిగాడు. లేపడం ఎందుకులే అనుకున్నా సార్’ అన్నారాయన.

తప్పెవరిదని చూస్తే ఒక్కరి పేరు తేలలేదు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసి వాపు తగ్గించే మాత్రను రాత్రిపూట రాసింది నేనే. ఆయన నిలబడగానే తూలుతున్నారని పగటి నర్సుకు తెలుసు. డ్యూటీ మారేటప్పుడు ఆ మాట రాత్రి నర్సుకు చేరలేదు. బాత్రూం బల్బు పోయిందని ఆయాకు తెలుసు. నెల కిందట ఇంట్లోనూ పడ్డారని కొడుక్కి తెలుసు. అతను చెప్పలేదు, మేం అడగలేదు.

ఆ తర్వాత మా వార్డులో పద్ధతి మారింది. చేరిన రోజే ‘ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా?’ అని అడుగుతున్నాం. పడ్డారంటే మళ్లీ పడే ముప్పు ఎక్కువ. అలాంటివారి కేస్ షీటుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తాం. నర్సులు డ్యూటీ అప్పగించేటప్పుడు మంచం దగ్గరే నిలబడి మాట్లాడుకుంటారు. పడుకునే ముందు ఆయా ఒకసారి బాత్రూంకి తీసుకెళ్తుంది. వాపు మాత్రలు వీలైనంతవరకు ఉదయానికి మార్చాం. పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూస్తాం. నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే జాగ్రత్త పడాల్సిందే.

ఈ జట్టులో మీరూ ఉన్నారు. నిజానికి రోగి పక్కన అందరికంటే ఎక్కువసేపు ఉండేది మీరే. నిద్రమాత్రలు, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. కళ్లజోడు, చేతికర్ర ఇంట్లో వదిలి రాకండి. అరిగిపోయిన హవాయి చెప్పులు మాత్రం వద్దు. టీకి వెళ్లినా నర్సుకు చెప్పి వెళ్లండి. రోగి లేవాలంటే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. సెలైన్ స్టాండుకు చక్రాలుంటాయి, ఊతంగా పట్టుకుంటే అదీ జారిపోతుంది. మంచానికి పక్క కమ్మీలు ఎత్తేశాం కదా అన్న ధీమా కూడా వద్దు. మతి స్థిమితంలో లేనివారు వాటిని దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు.

ఒకవేళ పడితే కంగారుగా చంకల కింద చేతులేసి లేపకండి. కదపకుండా నర్సును పిలవండి. తిడతారేమోనని కొందరు పడిన సంగతే దాచేస్తారు. తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో, పైకి ఏమీ కనిపించకపోయినా లోపల నెమ్మదిగా రక్తం చేరవచ్చు. తలనొప్పి, మగత, మాట తడబడటం లాంటివి కొన్ని రోజులకో, వారాలకో బయటపడతాయి. అప్పటికి మీరు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. అందుకే డిశ్చార్జికి ముందే ఆ సంగతి మాకు చెప్పండి.