బూలే విమానక్షేత్రముపై దాడి : హైదరాబాదు దళమును గూర్చిన లేఖ్యములు

హైదరాబాదు నగరమున నాంపల్లి రైలు స్టేషను నుండి ఆబిడ్సు దాటి పోవువారికి కింగుకోఠి కానవచ్చును. ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాను నివసించిన ప్రాసాదమదియే. 1918వ సంవత్సరమున ఫ్రాన్సునుండి పోయి జర్మనులపై బాంబులు వైచిన యొక విమానదళమునకు హైదరాబాదు పేరు గలుగుటకు ఆతని ద్రవ్యదానమే కారణము. ఆ దళపు తొలిదాడికి సంబంధించిన లేఖ్యములు శాసనపరిశోధకులకు పరిచితమైన యొక ప్రశ్నను మరల ముందుంచుచున్నవి. దాతను దెలుపు లేఖ్యము దానఫలమును గూడ దెలుపునా?

బ్రిటిషు వైమానికబలమునందలి 110వ దళము 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, జనరల్ ట్రెంచార్డు నాయకుడుగా నుండిన స్వతంత్రవిమానసేనలో గలిసెను. దాని మొదటి డి.హెచ్.9ఏ విమానములు నిజాము విరాళముతో సమకూడినవి. వానిపై నిజాము సమర్పణమని తెలుపు వ్రాతయు, హైదరాబాదు పేరును, వరుససంఖ్యయు నుండెను. ఆ నెల 14వ తేదీని దళము మొదటిసారి దాడికి వెడలి, నాడు జర్మనీ యధీనమందుండిన లొరేను ప్రాంతములోని బూలే విమానక్షేత్రముపై బాంబులు వైచెను.

జర్మనీ కర్మాగారములను గొట్టుటకై యేర్పడిన సేన విమానక్షేత్రములకు బోవుటేల? 1919 జనవరి 1వ తేదీని ప్రకటితమైన ట్రెంచార్డు నివేదికలో నిందుకు సమాధానము గలదు. శత్రువిమానములను వాని స్థానములందే దెబ్బతీసినచో నవి తన స్థానములపైకి రాజాలవని యాతని తలంపు. జూన్ 6 మొదలు నవంబరు 10 వరకు సేన వైచిన 550 టన్నుల బాంబులలో 220 టన్నులకు పైగా విమానక్షేత్రములమీదనే పడెను.

ఇట్టి దాడులకు మూడు విధములైన సాక్ష్యములు గలవు. విమానముపై వ్రాత దాతను మాత్రము చెప్పును. తిరిగివచ్చిన వైమానికుల నివేదిక, మిక్కిలి యెత్తునుండి పొగలోను ధూళిలోను జూచినదానిని చెప్పును. యుద్ధానంతరము లక్ష్యస్థలములకు బోయిన బ్రిటిషు పరిశీలకుల లేఖ్యము నేలపై గనబడినదానిని చెప్పును. పెక్కుచోట్ల నష్టము వైమానికులు తలచినంత లేదని వారు కనుగొనిరి. దళమునకు గలిగిన నష్టము మాత్రము స్పష్టము: అది వైచిన బాంబులు సుమారు పదిన్నర టన్నులు, శత్రువులవలన గోల్పోయిన విమానములు 17.

ఆ విమానములలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5వ తేదీని జర్మనులకు జిక్కెను. అది బెర్లిను ప్రదర్శనశాలయందుండి, రెండవ యుద్ధకాలమున పోలండుకు దరలింపబడి, 1977లో లండను చేరెను. హైదరాబాదు 12ఏ అను వ్రాత దానిపై నున్నది.

గ్రామదానశాసనమున రాజు పేరు నిలుచును; భూమి దున్నినవాని పేరుండదు. ఇచ్చటను నట్లే. నిజాము సంపదకు మూలమైన శిస్తు చెల్లించిన రైతు ఆ వ్రాతలో లేడు. బాంబు పడినచోటనున్నవాడును లేడు. కావున దానలేఖ్యమును యుద్ధలేఖ్యములతో గలిపి చదువవలెను. ఒక్కదానినే ప్రమాణముగా గొన్నచో చరిత్రకు మారుగా దాతృస్తుతియే మిగులును.