ఇంటిపేర్లు - శాసనములు: గోదావరీమండలమున వలసకుటుంబముల పూర్వస్థాన నిర్ణయము

వంశముల పూర్వస్థానమును నిర్ణయించుటకు ఆంధ్రదేశమున ఇంటిపేరు ముఖ్యసాధనముగా నెంచబడుచున్నది. గోత్రము ఋషిసంబంధమును దెల్పును గాని స్థలమును దెల్పదు. ప్రవరయు సూత్రమును అట్టివే. ఇంటిపేరు మాత్రము పలుతావుల నొక గ్రామమును బేర్కొని పరిశోధకునకు దారి చూపును. అయితే ఆ దారి యెంతదూరము పోవునో, యెచ్చట నిలిచిపోవునో తెలియనిచో, గౌరవాపేక్షచే గల్పింపబడిన వంశకథయు చరిత్రయై చెలామణి యగును. వేర్వేఱు కాలములలో వేర్వేఱు సీమలనుండి జనులు వచ్చి స్థిరపడిన గోదావరీమండలమున ఈ విచారణ మిక్కిలి యావశ్యకము.

గ్రామనామము ఇంటిపేరుగా మాఱునపుడు సాధారణముగా ఔపవిభక్తిక రూపమును బొందును. పాడు పాటి యగును; ఊరు ఊరి యగును; వీడు వీటి యగును; ఓరుగల్లు ఓరుగంటి యగును. బాలవ్యాకరణము చదివిన విద్యార్థియు ఈ మార్గమున వెనుకకు నడచి, పేరూరివారికి పేరూరును, కొండవీటివారికి కొండవీడును, ఓరుగంటివారికి ఓరుగల్లును మూలమని చెప్పగలడు. విజయనగర సంస్థానాధిపతులగు పూసపాటివారి యింటిపేరు కృష్ణామండలములోని పూసపాడునుండి వచ్చినదని వారి వంశచరిత్రము చెప్పుచున్నది.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి గలదు. ఓరుగంటిలో నివసించువానిని ఓరుగంటివాడని యిరుగుపొరుగువారు పిలువ నవసరము లేదు. అచ్చట నందఱును నట్టివారే గదా. అతడా యూరు విడిచి వేఱొకచోట జేరినపుడే యా పేరు గుఱుతుగా నుపయోగపడును. కావున గ్రామనామమువలన గలిగిన ఇంటిపేరు తఱచుగా నివాసమునకు గాక నిష్క్రమణమునకు సాక్షి. దానిని బెట్టినవారు క్రొత్తయూరివారు. కరణికమువలనను అగ్రహారస్వామ్యమువలనను ఉన్నయూరి పేరే వహించిన కుటుంబము లీ నియమమునకు అపవాదములు.

శాఖానామములకును ఈ న్యాయమే వర్తించును. వెలనాడు, వేగినాడు, ములకినాడు, కాసలనాడు అనునవి మొదట సీమల పేర్లు. పిదప వైదికశాఖల పేర్లయినవి. ద్రావిడశబ్దము ఇంతకంటెను స్పష్టమైన నిదర్శనము. అరవదేశమున నొక బ్రాహ్మణుని ద్రావిడుడని వేఱుగా పిలువ బనిలేదు; తెలుగువారి నడుమ నున్నపుడే యా పేరు సార్థకము. అమలాపురమునకు సమీపముననున్న పేరూరిని బట్టి పేరూరు ద్రావిడులు, ద్రాక్షారామమును బట్టి ఆరామ ద్రావిడులు, కోనసీమను బట్టి కోనసీమ ద్రావిడులు అను భేదము లేర్పడినవి. ఇట్టి పేళ్లలో రెండు పొరలు గలవు. ద్రావిడ యనునది పూర్వదేశమును, పేరూరు మొదలగునవి వచ్చి నిలిచిన చోటును దెల్పును. ఇంటిపేరు మూడవ పొర. అది చాలతావుల తెలుగు గ్రామము పేరే యగుటచే, దక్షిణమునుండి వచ్చిన వార్తను దానియందు వెదకుట వ్యర్థము.

ఇట్టి స్థితి అన్యదేశములందును గలదు. క్రీ.శ. 1169 మొదలు ఇంగ్లండు, వేల్సు దేశములనుండి యోధులు, వారి వెంట వ్యవసాయకులు ఐర్లండునకు బోయి స్థిరపడిరి. వారిలో వేల్సునుండి వచ్చినవారిని స్థానికులు తమ భాషలో బ్రిటనువాడను నర్థమిచ్చు పదముతో బిలిచిరి. అదియే నేడు వాల్షు అను నింటిపేరుగా వ్యాపించియున్నది. ద్రావిడశబ్దమువలె నిదియు పొరుగువారు పెట్టిన పేరే. అయితే 1465లో నచ్చట నొక శాసనము పుట్టినది. డబ్లిను పరిసరములందు ఇంగ్లీషువారి యధికారముక్రింద నివసించు ఐరిషువారు ఇంగ్లీషు పట్టణముల పేళ్లనో, రంగుల పేళ్లనో, వృత్తుల పేళ్లనో ఇంటిపేర్లుగా గ్రహింపవలెనని యది విధించినది. కావున ఇంగ్లీషుపేరు గల కుటుంబమెల్ల ఇంగ్లండునుండి వచ్చినదని చెప్ప వీలులేదు. పేరు వలసవచ్చియుండవచ్చును, మనిషి యచ్చటివాడే కావచ్చును.

ఆంధ్రదేశమున నట్టి రాజశాసనము లేకున్నను పేరును రక్తమును వేఱుచేయు కారణములు గలవు. దత్తత చేయబడినవాడు దత్తు చేసికొన్నవారి యింటిపేరును గోత్రమును బొందును. ఇల్లటపుటల్లుడు అత్తవారి యూర నిలిచి వారి యాస్తి ననుభవించును. కాలక్రమమున నతని సంతతి యా యింటిదిగానే యెంచబడుట గలదు. ఒకే గ్రామనామము పలుసీమలలో నుండుటచే, ఏ యూరినుండి వచ్చిరో పేరువలన మాత్రమే తేలదు. ఒకే ఇంటిపేరు వేర్వేఱు కులములందు నుండుట సర్వవిదితము. అది వారందఱు నొక యూరివారని సూచింపవచ్చును గాని యొక వంశమువారని చెప్పదు. ఈ సందేహములను దీర్చునది తేదీగల పత్రమే.

అట్టి పత్రము లెంతటి యుపకారము సేయునో పోలమూరు తామ్రశాసనములు నిరూపించుచున్నవి. పోలమూరు రామచంద్రపుర ప్రాంతమునందలిది. విష్ణుకుండి మాధవవర్మ ప్రాగ్దిశను జయింపగోరి గోదావరిని దాటిన సందర్భమున శివశర్మ యను బ్రాహ్మణునకు పులొంబూరను గ్రామమును దాన మిచ్చెను. ఆ శివశర్మ కర్మరాష్ట్రవాసి. కర్మరాష్ట్రము కృష్ణకు దక్షిణముననున్న కమ్మనాడు. తరువాత తూర్పుచాళుక్య జయసింహవల్లభుడు ఆ గ్రామమునే శివశర్మ కుమారుడగు రుద్రశర్మకు మరల నిచ్చెను. ఈ రెండవ శాసనమున రుద్రశర్మ అసనపురవాసిగా బేర్కొనబడినాడు. తండ్రి యొక సీమవాడు, కొడుకు వేఱొక యూరివాడు. విజేత వెంట నదిని దాటి వచ్చిన యొక కుటుంబపు వలస రెండు తరములలో కన్నుల గట్టినట్లున్నది.

ఈ శాసనములలో నేటి రీతి యింటిపేరు లేదు; గోత్రము, తండ్రి తాతల పేర్లు, నివాసగ్రామము మాత్రమే కలవు. అయినను వీనివలన తేలిన విషయము కుటుంబచరిత్రతో నాగలేదు. తండ్రికి దానమిచ్చిన రాజును, కొడుకునకు మరల నిచ్చిన రాజును దగ్గఱ కాలమువారే యగుదురు గావున, విష్ణుకుండుల కాలనిర్ణయమునకు ఈ బ్రాహ్మణకుటుంబపు తరములే యాధారమైనవి. సంవత్సరముల విషయమున పండితులలో భేదాభిప్రాయములున్నను ఈ పౌర్వాపర్యమును గాదనుట కష్టము.

దక్షిణదేశసంబంధమును బలపఱచు నాధారములు పదునొకండవ శతాబ్దిలో నధికముగా గానవచ్చును. రాజరాజనరేంద్రుని తల్లి కుందవ చోళ రాజరాజు కూతురు. ఆయన రాణి అమ్మంగదేవి రాజేంద్రచోళుని కూతురు. వారి కుమారుడు 1070లో కులోత్తుంగుడను పేర చోళసింహాసనము నెక్కెను. కులోత్తుంగుని కుమారుడగు వీరచోడుడు వేంగికి ప్రతినిధియై పాలించుచు, తన 23వ రాజ్యవర్షమున మాలవెల్లి మొదలగు గ్రామముల నేకము చేసి, వీరచోడ చతుర్వేదిమంగలమని పేరు పెట్టి, 536 మంది బ్రాహ్మణులకు దాన మిచ్చెను. పిఠాపురమున దొరకిన తామ్రశాసన మీ సంగతిని దెల్పుచున్నది. చతుర్వేదిమంగలమను పేరు చోళదేశపు బ్రహ్మదేయములకు వాడుకలో నున్నది. ద్రాక్షారామ భీమేశ్వరాలయమున సంస్కృతాంధ్ర శాసనములతోపాటు అరవశాసనములును గలవు. ద్రావిడశాఖలు ఈ మండలమున నేర్పడుటకు అనుకూలమైన కాల మిదియని వీనివలన నూహింపవచ్చును. కాని నేటి యే కుటుంబమైనను ఆ 536 మందిలో నొకని సంతతి యని చెప్పవలెనన్నచో, నడిమి శతాబ్దుల పత్రములు చూపవలయును. ఊహకును సిద్ధాంతమునకును గల యంతర మిదియే.

ఆ నడిమి పత్రము లెవ్వి? కర్నల్ మెకంజీ 1821లో మరణించులోపల ఏలూరివారగు కావలి సోదరుల సాయమున సేకరింపించిన కైఫీయత్తులు గ్రామముల పుట్టుకను, కరణముల వరుసలను దెల్పును. 1858లో నేర్పడిన ఇనాము కమిషను రిజిష్టరులు మాన్యము ననుభవించువారి పేళ్లను, దానపు మూలమును నమోదు చేసినవి. కాశీ, గయలలో తీర్థపురోహితుల బహీలందు యాత్రికుల స్వగ్రామము వ్రాయబడి యుండును. ఇవిగాక కరణముల యిండ్లలోని కవిలెలు, లెక్కలు గలవు. వంశపారంపర్య గ్రామాధికారములు 1984లో రద్దయిన పిదప పెక్కు చోటుల నివి అటకలపై చెదలపాలగుచున్నవి.

పత్రనాశమువలన గలుగు నష్టమునకును ఐర్లండే దృష్టాంతము. 1922 జూను 30వ తేదీన డబ్లినులోని ప్రభుత్వదస్తావేజుల భవనము అంతర్యుద్ధమున దగ్ధమై, మధ్యయుగమునాటి యసంఖ్యాక పత్రములు నశించినవి. అంతకుముందు పండితులు వ్రాసికొన్న ప్రతులను, సంగ్రహములను దేశదేశములనుండి కూర్చి, నూఱేండ్లకు 2022లో పోయినవానిలో గొంతభాగమును మరల నందుబాటులోనికి దెచ్చిరి. మూలము బూడిదయైనను ప్రతి బ్రతికినచోట చరిత్ర బ్రతికినది.

కావున వంశమూలమును విచారించువారు ముందుగా ఇంటిపేరును వ్యాకరణరీతిని విడదీసి గ్రామమును గుర్తింపవలెను. శాఖానామముతో దానిని బోల్చి, ఏది ముందటి నివాసమో యేది వెనుకటిదో యేర్పఱుపవలెను. అటుపై తేదీగల శాసనమో రిజిష్టరో ఆ రెంటిని సమర్థించునేమో చూడవలెను. ఈ మూడును గలిసినచో సిద్ధాంతము. రెండు గలిసినచో సంభావ్యము. ఒకటియే యున్నచో అది పేరు మాత్రమే. పాఠశాలాపండితులు తమ గ్రామములలోని ఇంటిపేర్లను, మాన్యపత్రములను, కవిలెలను తేదీలతో సహా ప్రతివ్రాసి యుంచినచో, రాబోవు పరిశోధకునకు ఆ ప్రతులే తామ్రశాసనములగును.