మీకు తెలుసా? 80 సార్లు తలపడ్డ నేస్తాలు!

టెన్నిస్‌లో జొకోవిచ్, నాదల్ ఒకరితో ఒకరు 60 సార్లు ఆడారంటే ఔరా అనుకుంటాం. అమెరికా అమ్మాయి క్రిస్ ఎవర్ట్, చెకోస్లొవేకియాలో పుట్టిన మార్టినా నవ్రతిలోవా తలపడింది ఏకంగా 80 సార్లు. అందులో ఫైనళ్లే 60!

● తొలి పోరు 1973లో, అమెరికాలోని ఆక్రన్‌లో. అప్పటికి క్రిస్‌కు 18 ఏళ్లు, మార్టినాకు 16. గెలుపు క్రిస్‌దే. ఆఖరి పోరు 1988లో షికాగోలో.

● ఆటలో ఇద్దరిదీ చెరో దారి. క్రిస్ బేస్‌లైన్ దగ్గరే నిలబడి, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తో ఓపిగ్గా బంతిని తిప్పికొట్టేది. ఎడమచేతి వాటం మార్టినా సర్వీస్ చేస్తూనే నెట్ మీదికి దూసుకొచ్చేది. మట్టి కోర్టు క్రిస్‌ది, పచ్చిక కోర్టు మార్టినాది.

● 1975 ఫ్రెంచ్ ఓపెన్, 1976 వింబుల్డన్ డబుల్స్ టైటిళ్లను ఇద్దరూ కలిసే గెలిచారు. పక్కన ఆడుతుంటే తన ఆటలోని కిటుకులన్నీ మార్టినాకు తెలిసిపోతున్నాయని క్రిస్ ఆ జోడీకి స్వస్తి చెప్పింది.

● తొలి పాతిక మ్యాచ్‌ల్లో 21 క్రిస్‌వే. తర్వాత మార్టినా కఠోర వ్యాయామంతో ఒంటిని ఉక్కులా మలచుకుని, ఒక దశలో క్రిస్‌ను వరసగా 13 సార్లు ఓడించింది. 1984 యూఎస్ ఓపెన్ ఫైనల్‌కి ముందు ఇద్దరి గెలుపుల లెక్క సరిగ్గా 30-30. ఆ రోజు తమకంటే ముందు జరుగుతున్న వేరే మ్యాచ్ సాగిపోయి ఎదురుచూడాల్సి వస్తే, ఇద్దరూ ఒకే బేగెల్ రొట్టెను పంచుకుని తిన్నారు. తర్వాత కోర్టులో మూడు సెట్లు నువ్వా నేనా అని పోరాడారు. మార్టినా గెలిచింది.

● ఇక క్రిస్ పని అయిపోయిందనుకున్నారు. కానీ 1985 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ముప్ఫై ఏళ్ల క్రిస్ 6-3, 6-7, 7-5తో మార్టినాను ఓడించింది. మరుసటి ఏడాది అక్కడే మళ్లీ ఓడించింది.

● కమ్యూనిస్టు పాలన నుంచి బయటపడి 1975లో అమెరికాలో ఆశ్రయం కోరిన మార్టినా, 1986లో ఫెడ్ కప్ ఆడేందుకు ప్రేగ్‌లో అడుగుపెట్టింది. పుట్టినగడ్డ మీద అమెరికా తరఫున ఆడాల్సిన ఆ వేళ, జట్టులో ఆమె వెంట క్రిస్ ఉంది. కప్పు అమెరికాదే.

● చివరి లెక్క 43-37, పైచేయి మార్టినాది. సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు మాత్రం చెరో 18!

● 2021 చివర్లో క్రిస్‌కు అండాశయ క్యాన్సర్ బయటపడింది. ఏడాది తిరిగేసరికి మార్టినాకు గొంతు, రొమ్ము క్యాన్సర్లు. ఆ కష్టంలో ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటూ నిలబడ్డారు. పదిహేనేళ్లు నెట్‌కు చెరోవైపు నిలిచిన ఆ ఇద్దరూ ఈ పోరులో మాత్రం ఒకేవైపు ఉన్నారు.