నొప్పి లేదని వదిలేయకండి

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా ఇనుము, ఉక్కు మిల్లుల ప్రాంతం. ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తను మితానిన్ అంటారు, అంటే స్నేహితురాలు. రొమ్ములో తొలి గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. అందుకే ఆడవాళ్లు ఎవరికీ చెప్పరు. దాన్ని పసిగట్టడానికి ముందు కావలసింది యంత్రం కాదు, శిక్షణ పొందిన చేయి. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి, సుమారు లక్షన్నర మంది మహిళలపై 20 ఏళ్లు సాగించిన అధ్యయనంలో ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలు చేతితో పరీక్షించారు. 50 దాటినవారిలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్న వయసువారిలో మాత్రం అంత తేడా కనిపించలేదు. అనుమానం వస్తే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం రాయ్‌పూర్‌లోనే, అంబేడ్కర్ ఆసుపత్రిలో ఉంది. అమ్మవారికి మొక్కుకుంటే ధైర్యం వస్తుంది, మొక్కుకోవచ్చు. కానీ గడ్డ పండగదాకా ఆగదు. ఒక రోజు కూలి పోయినా భర్తో, కూతురో వెంట వెళ్లాలి.