పాఠశాల నుండి కళాశాలకు: అంగవైకల్యము గల విద్యార్థి

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున ప్రతి గృహమునందును ఒకే ప్రశ్న వినవచ్చును: "ఏ కళాశాలలో చేర్పింతము?" ఇంట చూపులేని బాలికయో, చక్రముల కుర్చీలో తిరుగు బాలుడో ఉన్నచో మరియొక ప్రశ్న తోడగును: "అక్కడ బిడ్డను చూచువారెవరు?" అట్టి తలిదండ్రుల నుద్దేశించినదే ఈ ప్రసంగము.

పాఠశాలలో ఉపాధ్యాయులు బిడ్డను చిన్ననాటి నుండి ఎరుగుదురు. వినికిడి తక్కువైన పిల్లను ముందు బల్లపై కూర్చుండబెట్టుట, నడువలేని వానికొరకు తరగతిని క్రింది గదికి మార్చుట పెక్కుచోట్ల అడుగకయే జరుగును. కళాశాలలో గంటకొక అధ్యాపకుడు వచ్చి పోవును, సహాధ్యాయులును క్రొత్తవారు. తన అవసరమేమో విద్యార్థి చెప్పుకొననిచో ఎవరికిని తెలియదు. తెలుగునాట జూనియర్ కళాశాలలో చేరుటతో ఈ మార్పు పదునైదు, పదునారేండ్ల ప్రాయముననే సంభవించును.

చట్టము కొంత అండనిచ్చుచున్నది. 40 శాతమునకు తక్కువగాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందినవారికి 18 ఏండ్లు నిండువరకు ఉచితవిద్య హక్కని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలును, ప్రభుత్వ సహాయము పొందునవియు కనీసము 5 శాతము స్థానములు వీరికి కేటాయింపవలెను. ప్రవేశమునకు గరిష్ఠ వయస్సులో 5 ఏండ్ల సడలింపు కలదు. వ్రాత పరీక్షలలో స్క్రైబ్ అని పిలువబడు సహాయ లేఖకుని, గంటకు 20 నిమిషములకు తక్కువగాని అదనపు కాలమును కేంద్ర ప్రభుత్వపు 2018 నాటి మార్గదర్శక సూత్రములు నిర్దేశించినవి. అనగా 3 గంటల పరీక్షకు మరియొక గంట. వైకల్యము 40 శాతము లేదను కారణమున మాత్రమే, వ్రాయుట కష్టమైన అభ్యర్థికి లేఖకుని నిరాకరింపరాదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

అయితే ఇవన్నియు అడిగినవారికి, అదియు సకాలమున అడిగినవారికి లభించునవి. మచిలీపట్నము చేరువ సీతారామపురమున జన్మించిన బొల్లా శ్రీకాంత్ చూపులేని విద్యార్థి. పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రము చదువ గోరగా నాటి నిబంధనలు అంగీకరింపలేదు. ఆయన ఒక ఉపాధ్యాయురాలి తోడ్పాటుతో న్యాయస్థానము నాశ్రయించి అనుమతి పొందెను. పాఠములను ధ్వనిముద్రణలుగా విని చదివెను. అనంతరము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టభద్రుడయ్యెను. అడుగుటయే ఆ ప్రయాణమునకు మొదటి మెట్టు.

ప్రతి విద్యార్థియు న్యాయస్థానమునకు పోవలసిన పనిలేదు. దరఖాస్తుకు ముందే బిడ్డతో కలిసి కళాశాలను చూచి రండు. ద్వారమువద్ద ఏటవాలు దారి ఉన్నదా, చక్రముల కుర్చీ మరుగుదొడ్డిలోనికి పోవునా, ప్రయోగశాల ఏ అంతస్తున నున్నది అని విచారింపుడు. వైకల్య ధ్రువపత్రపు నకళ్లు సిద్ధముగా నుంచుడు. లేఖకుని కొరకు అర్జీ పరీక్ష రుసుము చెల్లించు నాటికే ప్రిన్సిపాలునకు అందజేసి, అందినట్లు రసీదు పొందుడు. చూపులేనివారికై పాఠ్యగ్రంథమును బ్రెయిలీలోనికో, ధ్వనిరూపములోనికో మార్చుకొనుటకు 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము అనుమతించుచున్నది గనుక ఆ పని వేసవిలోనే ఆరంభింపవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి. ప్రిన్సిపాలు గదిలో తండ్రి మాటలాడుచుండగా బిడ్డ మౌనముగా నుండుట మనమెల్లరము చూచినదే. ఆ మాట బిడ్డ చేతనే చెప్పింపుడు. "నాకు నల్లబల్ల కనబడదు, వ్రాయునప్పుడు పైకి చదువుడు" అని ఇంటివద్దనే రెండు మూడు మారులు అలవాటు చేయింపుడు. తలిదండ్రులు తరగతి గది వరకు రాజాలరు. ఆ మాట మాత్రము బిడ్డ వెంట వచ్చును.