ఒకే ఫిర్యాదు, మూడు మూలాలు: మధ్యతరహా సెడాన్ల సస్పెన్షన్

గతుకుల్లో ముందు చక్రాల దగ్గర వినిపించే టకటక చప్పుడు, స్పీడ్ బ్రేకర్ దిగాక వెనుకభాగం రెండు మూడుసార్లు ఊగడం, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం, టైర్ల లోపలి అంచులు త్వరగా అరిగిపోవడం మధ్యతరహా సెడాన్ల యజమానులు తరచుగా చెప్పే ఇబ్బందులు. వీటన్నిటినీ కలిపి ‘సస్పెన్షన్ పోయింది’ అని ఒక్క మాటలో తేల్చేయడం పరిపాటి. అయితే వీటిలో కొన్ని భాగాల అరుగుదల వల్ల వస్తాయి, కొన్ని కారు తయారీలోనే ఉన్న స్వభావం వల్ల వస్తాయి, అరుదుగా కొన్ని లోహం బలహీనపడడం వల్ల వస్తాయి. ఏది ఎక్కడ నుంచి వచ్చిందో తేలకముందే భాగాలు మార్చడం మొదలుపెడితే డబ్బు ఖర్చయినా ఇబ్బంది మాత్రం అలాగే మిగిలిపోతుంది.

భారతదేశంలో ఈ తరగతిలోకి వచ్చే హోండా సిటీ, హ్యుందయ్ వెర్నా, మారుతి సియాజ్, స్కోడా స్లావియా వంటి కార్ల నిర్మాణం దాదాపు ఒకే పద్ధతిలో ఉంటుంది. ముందు చక్రాలకు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు స్తంభంగా కలిసి, పైన కారు దేహానికీ కింద చక్రపు కీలుకూ బిగిసి ఉంటాయి. ఆ చక్రం ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరగకుండా లోయర్ ఆర్మ్ అనే లోహపు చేయి పట్టి ఉంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ అమరిక తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో ఇమిడిపోతుంది కాబట్టే ఇంతగా వ్యాపించింది. వెనుక చక్రాల రెండు చేతులను కలుపుతూ టార్షన్ బీమ్ అనే అడ్డ దూలం ఉంటుంది. ఒక చక్రం గుంతలో పడినప్పుడు అది కొంత మెలి తిరిగి రెండో చక్రం మీద పడే ప్రభావాన్ని తగ్గిస్తుంది.

కారు బరువును మోసేది స్ప్రింగ్. కానీ నొక్కుకుపోయిన స్ప్రింగ్ తిరిగి లేచేటప్పుడు ఆగకుండా ఊగుతుంది కనుక, ఆ ఊపును అణచే పని షాక్ అబ్జార్బర్‌ది. దాని లోపల నూనెలో కదిలే పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, కవాటాలు ఉంటాయి. నూనె వాటిగుండా బలవంతంగా పోతున్నప్పుడు కదలికలోని శక్తి వేడిగా మారి చల్లారిపోతుంది. సీల్ అరిగి నూనె బయటికి కారడం మొదలైతే ఈ పని మందగిస్తుంది, అప్పుడు కారు ఊగడమే కాక బ్రేకు వేసినప్పుడు టైరు రోడ్డును సరిగా అంటిపెట్టుకోలేక ఆగే దూరం కూడా పెరిగే ప్రమాదం ఉంది.

ఇంత ముఖ్యమైనదైనా, మొదటి మూలమైన అరుగుదలను వెతికేటప్పుడు చప్పుడు వచ్చిన ప్రతిసారీ షాక్ అబ్జార్బర్‌నే నిందించడం సరికాదు. చప్పుళ్ళలో చాలా భాగం రబ్బరు దగ్గర పుడుతుంది. లోయర్ ఆర్మ్ కారు చట్రానికి కలిసేచోట ఉండే రబ్బరు బుష్ ఎండకూ, దుమ్ముకూ, ఏళ్ళ తరబడి మెలికలకూ లోనై పగుళ్ళు తీస్తుంది. అది చీలినప్పుడు బ్రేకు వేసినా, ఆగి ఉన్న కారును కదిలించినా ముందు నుంచి దబ్బుమన్న శబ్దం వస్తుంది, అలైన్‌మెంట్ చేయించినా చక్రం కోణం నిలవదు. చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రమే గలగల వినిపిస్తే, మలుపుల్లో కారు ఒరిగిపోకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను స్ట్రట్‌తో కలిపే లింక్ రాడ్‌ను ముందు చూడాలి. అది చవకైన భాగం, దాన్ని మార్చడానికి పట్టే సమయమూ తక్కువే. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్ తెగినట్టు టంగుమంటే స్ట్రట్ పైభాగపు మౌంటింగ్‌ను, అందులోని బేరింగ్‌ను అనుమానించాలి. అందువల్ల ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో, తిన్నగా పోతున్నప్పుడా లేక తిరుగుతున్నప్పుడా అన్న వివరం యజమాని మెకానిక్‌కు ఇవ్వగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే. మిగతా సగం కారును లిఫ్ట్ మీద ఎక్కించి, ఒక్కొక్క కీలునూ గడ్డపారతో కదిలించి చూడడమే.

రెండో మూలం కారు తయారీలోనే ఉన్న స్వభావం. 2011లో భారత మార్కెట్‌లోకి వచ్చిన ఫ్లూయిడిక్ వెర్నా నగరంలో మెత్తగా సాగినా, హైవే వేగాల్లో వెనుకభాగం తేలుతున్నట్టు ఊగుతుందన్న విమర్శను మోసింది. అందులో ఏ భాగమూ చెడిపోలేదు, మెత్తదనం కోసం తయారీదారు ఎంచుకున్న అమరికే అలా ఉంది. ఇలాంటిచోట కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించినా అవీ అదే కొలతకు చేసినవి కాబట్టి తేడా రాదు. వెనుకభాగం కుంగుతోందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించే అలవాటు ఇక్కడ ఉంది, దానిని మెచ్చుకోవడం కష్టం. స్ప్రింగు గట్టిపడుతుంది గాని, పాత మెత్తదనానికి తగ్గట్టు రూపొందిన షాక్ అబ్జార్బర్ ఆ గట్టి స్ప్రింగు ఎదురుదెబ్బను అదుపు చేయలేదు.

అరుగుదలలో రోడ్డు పాత్రను కూడా తక్కువగా చూడలేం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటవలసిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపుతో ఉండాలి. గ్రామాల నడుమ, కాలనీల్లో కనిపించే నిటారైన గట్లకు ఈ కొలతతో సంబంధం లేదు, నేలకు తక్కువ ఎత్తులో ఉండే సెడాన్‌కు ఆ తేడా బుష్‌లలోనూ స్ట్రట్‌లలోనూ కనిపిస్తుంది.

మూడో మూలమైన లోహం బలహీనపడడం అన్నిటికన్నా ప్రమాదకరం. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో కారు అడుగుభాగం తుప్పుపట్టడం సామాన్యం. నిస్సాన్ అల్టిమా 2013 మోడల్‌లో వెనుక లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు తుప్పుతో పగులుతున్నాయన్న ఫిర్యాదులపై అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ దర్యాప్తు జరిపింది. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో పాత కారు కొనే తెలుగువారు ఇంజను శబ్దం విన్నంత శ్రద్ధగా కారు అడుగునూ చూడడం అవసరం, ఎందుకంటే ఈ పగులు ముందుగా చప్పుడు చేసి హెచ్చరిస్తుందన్న హామీ లేదు.

అరుగుదలకు యజమాని బాధ్యుడు కావచ్చు గాని, తయారీ లోపానికి కాడు. భారతదేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఎ సెక్షన్ లోపమున్న వాహనాలను తయారీదారుల చేత వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది, దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తయారై ఏడేళ్ళు దాటని వాహనాలకు వర్తించే ఈ ఏర్పాటులో ఫిర్యాదుల సంఖ్యకే బలం ఉంది కాబట్టి, ఒకే మోడల్‌లో ఒకే భాగం పదేపదే విఫలమవుతుంటే ఆ సంగతి సర్వీస్ సెంటర్ బిల్లు దగ్గరే ఆగిపోకుండా అధికారిక ఫిర్యాదుగా నమోదు కావాలి.